కొత్త గ్రహానికి వంద మంది, యాభై టన్నులు: ఎవరిని ఎక్కిస్తారు, ఏం ఎక్కిస్తారు?

కక్ష్య:
చాలా రోజులుగా బుర్రలో తిరుగుతున్న ప్రశ్న ఇది. మార్స్ లాంటి గ్రహం మీద మొదటి ఊరు కట్టాలి. గురుత్వాకర్షణ మనదాంట్లో 38 శాతం, గాలి పీడనం మన దగ్గరున్నదాంట్లో ఒక్క శాతం కూడా ఉండదు, ఆ ఉన్న కాస్త గాలిలోనూ 95 శాతం కార్బన్ డయాక్సైడే. మట్టిలో ఒంటికి హానిచేసే పెర్‌క్లోరేట్ లవణాలున్నాయని 2008లోనే అక్కడ దిగిన నాసా ఫీనిక్స్ ల్యాండర్ బయటపెట్టింది, అంటే ఆ మట్టిని కడగకుండా అందులో పండించింది తినలేం.

ఓడ, ఉండడానికి గదులు, కరెంటు, నీళ్లూ ఆక్సిజనూ తయారుచేసే ప్లాంటు, మొదటి మూడేళ్ల తిండి ముందే అక్కడికి చేరిపోయాయనుకుందాం. వాటి బరువు మన లెక్కలోకి రాదు. అవి పోగా మనకిచ్చింది వంద మంది మనుషులు, యాభై టన్నుల సామాను. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఇంకో ఓడ రాదు. రేడియో పనిచేస్తుంది కానీ మాట ఇక్కడి నుంచి అక్కడికి చేరడానికే 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది.

నా లిస్టు ఇది. ముప్పై మంది ఇంజనీర్లు, పదిహేను మంది డాక్టర్లు, పదిహేను మంది వ్యవసాయ శాస్త్రవేత్తలు, మిగతావాళ్లు జియాలజీ, కెమిస్ట్రీ, కంప్యూటర్లు, టీచింగ్. అందరూ 25 నుంచి 35 ఏళ్ల లోపు, ఏ జబ్బూ లేనివాళ్లు. సామానులో విత్తనాలు, మందులు, స్పేర్ పార్ట్స్, త్రీడీ ప్రింటర్లు. మీరైతే ఏం మారుస్తారు?

మట్టివాసన:
కక్ష్య గారూ, మీ లిస్టులో మనం వాడుకునేవన్నీ ఉన్నాయి, అవి దేని మీద ఆధారపడి బతుకుతాయో అది లేదు. ఆస్ట్రేలియాకి 1788లో బ్రిటిష్ వాళ్లు ఆవుల్ని తీసుకెళ్లారు. పేడపురుగుల్ని తీసుకెళ్లాలని ఎవరికి తడుతుంది? అక్కడి పేడపురుగులకి కంగారూల పొడి పెంటికలు అలవాటు, ఆవు పేడని అవి పెద్దగా ముట్టుకోవు. దాంతో పేడ నెలల తరబడి అలాగే ఎండి, దాని కింద గడ్డి మొలవక, ఈగలు విపరీతంగా పెరిగి బీళ్లు పాడయ్యాయి. చివరికి 1968 నుంచి ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓ వేరే ఖండాల నుంచి పేడపురుగుల్ని తెచ్చి వదలాల్సి వచ్చింది. ఆవులకీ పురుగులకీ మధ్య 180 ఏళ్లు గడిచాయి!

విత్తనాలు అంటున్నారు కదా, చిక్కుడు జాతి మొక్కనే తీసుకోండి. వేరు పీకి చూస్తే చిన్న చిన్న బుడిపెలుంటాయి. ఒకదాన్ని గోటితో చీల్చి చూడండి, లోపల గులాబీ రంగులో ఉంటే పని జరుగుతున్నట్టు, అందులోని రైజోబియం బ్యాక్టీరియా గాలిలో నైట్రోజన్ పట్టి మొక్కకి ఇస్తోంది. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే మొక్క ఉత్త చేతులతో ఉన్నట్టే. కొత్త గ్రహం మట్టిలో ఆ బ్యాక్టీరియా ఉండదు. విత్తనాలు టన్నులకొద్దీ తీసుకెళ్లి, జేబులో పట్టే ఆ బ్యాక్టీరియా పొడి మర్చిపోతే మీ పప్పుధాన్యాలన్నీ ఎరువు సంచి వైపు చూస్తూ కూర్చుంటాయి.

నా మొదటి టన్ను బతికున్న మట్టికి. బ్యాక్టీరియా, బూజులు, వానపాములతో సహా.

కక్ష్య:
మంచి పాయింటు. కానీ ఇలా వెనక్కి వెళ్తూ పోతే ఎక్కడ ఆగుతాం? పురుగు కావాలంటే పురుగుకి తిండి కావాలి, ఆ తిండికి ఇంకోటి కావాలి. భూమినంతా మోసుకెళ్లలేం కదా.

జీవకణం:
మోసుకెళ్లాలని ఒకసారి గట్టిగానే ప్రయత్నించారు. అరిజోనాలో బయోస్ఫియర్ 2. ఎనిమిది మంది 1991 సెప్టెంబర్‌లో లోపలికి వెళ్లి రెండేళ్లు గాజు కట్టడంలో ఉన్నారు. ఒకటింపావు హెక్టార్ల స్థలంలో చిన్న అడవి, చిన్న సముద్రం, పొలం. పదహారు నెలల్లో గాలిలో ఆక్సిజన్ 21 శాతం నుంచి 14.5 దగ్గరికి పడిపోయింది. మట్టివాసన గారు చెప్పిన బతికున్న మట్టే ఇక్కడ దెబ్బకొట్టింది. పంట బాగా రావాలని కంపోస్టు దండిగా వేసిన మట్టిలో సూక్ష్మజీవులు ఆక్సిజన్ పీల్చేసి కార్బన్ డయాక్సైడ్ వదిలాయి. అది మొక్కలకి చేరితే తిరిగి ఆక్సిజన్ అయ్యేది, కానీ గోడల్లోని పచ్చి కాంక్రీటు దాన్ని పట్టి సున్నపురాయిలా మార్చేసుకుంది. లోపలున్నవాళ్లకి రాత్రి నిద్రలో ఊపిరాడక ఇబ్బందయ్యాక 1993 జనవరిలో బయటి నుంచి ఆక్సిజన్ పంపాల్సి వచ్చింది. మనకి పంపేవాళ్లుండరు.

పరాగసంపర్కం చేస్తాయని పెట్టుకున్న పురుగులు చాలావరకు పోయాయి, చీమలూ బొద్దింకలూ మాత్రం విపరీతంగా పెరిగాయి.

అందుకే నేనైతే తేనెటీగల జోలికి వెళ్లను. గోధుమ, వరి, సోయా, బఠాణీ లాంటి తమంతట తామే ఫలదీకరణ చేసుకునే పంటలు. బంగాళాదుంప, చిలగడదుంప ముక్క పెడితే వచ్చేస్తాయి. మిగతావాటికి చేత్తో చెయ్యొచ్చు. వెనిల్లా తీగ మెక్సికో దాటాక దశాబ్దాల పాటు కాయలే కాయలేదు, దాని పూలకి అలవాటైన తేనెటీగలు బయట లేవు మరి. 1841లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ల బానిస కుర్రాడు చిన్న పుల్లతో పువ్వులో అడ్డంగా ఉన్న పొరని ఎత్తి, పుప్పొడిని బొటనవేలితో నొక్కి అతికించే పద్ధతి కనిపెట్టాడు. ఇప్పటికీ వెనిల్లా తోటల్లో అదే పద్ధతి.

మట్టి తీసుకెళ్దాం, టన్ను కాదు కొన్ని కేజీలు, అక్కడ కొంచెం కొంచెంగా పెంచుకుందాం. ఆక్సిజన్‌కి మాత్రం యంత్రం మీదా, తొట్లలో పెంచే నాచు మీదా రెండింటి మీదా ఆధారపడాలి.

లేత్‌పని:
యంత్రం అన్నారు కాబట్టి అడుగుతున్నా. ఆక్సిజన్ ప్లాంటు ముందే ఉందన్నారు సరే, దాన్ని ఇరవై ఏళ్లు నడిపేదెవరు? పెర్సివరెన్స్ రోవర్ మీద మాక్సీ అనే పరికరం మార్స్ గాలి నుంచి ఆక్సిజన్ తీసింది. 2021 నుంచి 2023 దాకా 16 సార్లు నడిపితే మొత్తం వచ్చింది 122 గ్రాములు. ఒక మనిషికి రోజుకి 840 గ్రాములు కావాలి. వంద మందికి ఎంత పెద్ద ప్లాంటు కావాలో, అందులో ఎన్ని కదిలే భాగాలుంటాయో ఊహించుకోండి. బేరింగులు అరుగుతాయి, సీళ్లు గట్టిపడతాయి, పంపు షాఫ్టు పగులుతుంది.

నేను మెషిన్ షాపులో పనిచేస్తాను. త్రీడీ ప్రింటర్ మంచిదే, కానీ దానికి పౌడరో తీగో అయిపోతే అది బల్ల మీద బొమ్మ. లేత్, అంటే లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం, అలా కాదు. ఒక లేత్ ఉంటే దాంతో ఇంకో లేత్‌కి కావాల్సిన చాలా భాగాలు తిప్పుకోవచ్చు. సామానులో నా మొదటి ఓటు రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్ మెషిన్, చిన్న ఫర్నేస్.

కొలతలకి ఆధారంగా పెట్టుకునే చదును పలక, అదే సర్ఫేస్ ప్లేటు, అరిగిపోతే కొలతలన్నీ తప్పుతాయి, భూమి నుంచి కొత్తది రాదు, అప్పుడేం చేస్తారని కొందరు అడుగుతారు. దానికి పాత పద్ధతి ఒకటుంది. మూడు ఇనుప పలకలు తీసుకుని నీలం రంగు పూసి ఒకదాని మీద ఒకటి ఆనించాలి. రంగు అంటుకున్న చోటే ఎత్తుగా ఉన్నట్టు, అక్కడ స్క్రేపర్‌తో గీకాలి. రెండు పలకలతోనే చేస్తే ఒకటి గుంటగా, ఇంకోటి ఉబ్బుగా అయి కూడా చక్కగా అతుక్కుపోతాయి, మనకి తెలీదు. మూడోది వచ్చి మార్చి మార్చి ఆనిస్తే గుంటగా ఉన్నవి రెండు కలిసినప్పుడు దొరికిపోతాయి. మూడూ ఒకదానితో ఒకటి అతుక్కున్నాయంటే మూడూ చదునే. దీనికి కరెంటు కూడా అక్కర్లేదు, ఓపికా చేతివాటమూ ఉంటే చాలు. ఈ చేతివాటం వీడియో చూస్తే రాదు, ఏళ్లు పడుతుంది. మీ ముప్పై మంది ఇంజనీర్లలో కనీసం పది మందిని తీసేసి ఫిట్టర్లని, వెల్డర్లని, ఎలక్ట్రీషియన్లని, ప్లంబర్లని పెట్టండి. వెళ్లే ప్రతి యంత్రంలోనూ ఒకే కొలతల బోల్టులు వాడాలని కూడా ఇప్పుడే రాసిపెట్టుకోండి.

చదువరి:
లేత్‌పని గారి మాటకి చరిత్రలో సాక్ష్యం కావాలంటే అమెరికాలో ఇంగ్లీషువాళ్లు కట్టుకున్న ఊరు జేమ్స్‌టౌన్. 1607లో దిగిన మొదటి వందమందిలో సగానికి దగ్గరగా చేతిపని అలవాటు లేని పెద్దింటి మనుషులే. 1609-10 చలికాలంలో కొన్ని వందల మంది ఉన్న ఊళ్లో 60 మంది మిగిలారు. యుద్ధం, కరువు, జబ్బులు అన్నీ కలిశాయి నిజమే, కానీ తిండి పండించేవాళ్లు తక్కువ ఉండడం అందులో పెద్ద కారణం.

దీనికి ఎదురుగా పాలినీషియన్లని చూడండి. పడవల్లో మొక్కలు, కోళ్లు, పందులు, కుక్కలు ఎక్కించుకుని పసిఫిక్ అంతా తిరిగినవాళ్లు, వలస వెళ్లడంలో వాళ్లని మించినవాళ్లు లేరు. అలాంటివాళ్లు 1300 ప్రాంతంలో న్యూజిలాండ్ చేరితే అక్కడి చలికి కొబ్బరి, పనస జాతి రొట్టెపండు, అరటి బతకలేదు. పందులూ కోళ్లూ నిలవలేదు. చిలగడదుంప నిలిచింది. దాన్ని కూడా చలికాలం గుంటల్లో దాచి వసంతంలో నాటడం కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. వాళ్లు ఒకే పంటని నమ్ముకుని వెళ్లుంటే అక్కడితో కథ ముగిసేది.

కాబట్టి విత్తనాల్లో రకాలు కావాలి. ఒకే పంటలో కూడా పదుల రకాలు. ఐర్లండ్‌లో 1845లో తెగులు వచ్చినప్పుడు పేదవాళ్ల పొలాల్లో ఎక్కువగా ఒకే రకం బంగాళాదుంప ఉంది, దాదాపు పది లక్షల మంది చనిపోయారు. ఇంకొకటి, ఆ విత్తనాల పెట్టె ఎవరి చేతికిస్తారు? రెండో ప్రపంచయుద్ధంలో రష్యాలోని లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో వావిలోవ్ విత్తనాల సంస్థలో పనిచేసేవాళ్లు చుట్టూ బియ్యం, గింజలు పెట్టుకుని కూడా ముట్టుకోకుండా ఆకలితో చనిపోయారు. అది గుర్తొచ్చినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. డిగ్రీ చూసి అలాంటి మనిషిని ఎలా గుర్తుపడతాం?

రాత్రిడ్యూటీ:
నర్సుగా చెప్తున్నా, పదిహేను మంది డాక్టర్లు అక్కర్లేదు. స్పెషలిస్టు తన ఒక్క పనికోసం రోజుల తరబడి ఖాళీగా ఉంటాడు. అన్నీ కొంచెం కొంచెం వచ్చిన ఐదుగురు చాలు, అందులో ఇద్దరికి ఆపరేషన్ చెయ్యడం, మత్తివ్వడం, కాన్పు చెయ్యడం రావాలి. ఎందుకు ఇద్దరంటే 1961లో అంటార్కిటికా నోవోలజరెవ్‌స్కాయా స్టేషన్‌లో ఉన్న ఒకే ఒక్క డాక్టర్ రొగొజోవ్‌కే అపెండిసైటిస్ వచ్చింది. అద్దం పట్టించుకుని, లోకల్ మత్తు ఇచ్చుకుని తన పొట్ట తానే కోసుకుని ఆపరేషన్ చేసుకున్నాడు. బతికాడు, కానీ అందరికీ అంత ధైర్యం ఉండదు. చిలీ వాళ్ల అంటార్కిటికా ఊరు విల్లా లాస్ ఎస్ట్రెల్లాస్‌లో ఏళ్ల తరబడి ఉండడానికి వెళ్లేవాళ్లకి ముందే అపెండిక్స్ తీసేసేది అందుకే. భూమ్మీద డాక్టర్‌ని రేడియోలో అడగొచ్చంటారేమో, రక్తం కారుతుంటే జవాబు కోసం నలభై నిమిషాలు ఎవరాగుతారు?

సామాను సంగతి. మా వార్డులో ఒక షిఫ్టు అయ్యాక చెత్త సంచులు చూస్తే తెలుస్తుంది, సిరంజీలు, గ్లవ్స్, ఐవీ ట్యూబులు, డ్రెస్సింగ్ ప్యాకెట్లు, అన్నీ ఒక్కసారి వాడి పారేసేవే. ఈ అలవాటు అక్కడికి తీసుకెళ్తే యాభై టన్నులూ వాటికే చాలవు. గాజు సిరంజీలు, స్టీలు సూదులు, ఉతికి వాడే గుడ్డలు, ఆవిరితో క్రిముల్ని చంపే మంచి ఆటోక్లేవ్ రెండు.

మందులు డబ్బాల్లో మోస్తే గడువు తీరిపోతాయి. ఇన్సులిన్ తీసుకోండి, 1978లోనే బ్యాక్టీరియాతో తయారుచెయ్యడం వచ్చింది, 1982లో అమ్మకానికి వచ్చింది. ఆ బ్యాక్టీరియా ఉన్న చిన్న గాజు గొట్టం, దాన్ని పెంచే తొట్టి (ఫెర్మెంటర్), దాన్ని శుద్ధిచెయ్యడం తెలిసిన మనిషి ఉంటే ఇరవై ఏళ్ల ఇన్సులిన్ ఉన్నట్టే.

ఇంకో సంగతి ఎవరూ రాయలేదు. మీ ముప్పై ఏళ్లవాళ్లందరికీ పదిహేనేళ్లలో దగ్గరి చూపు తగ్గుతుంది, ఒక్కరికి కూడా మినహాయింపు ఉండదు. కళ్లద్దాలు లేకపోతే లేత్ మీద కొలత చదివేదెవరు, నరం వెతికి సూది గుచ్చేదెవరు? కళ్లద్దాల పెట్టె పది కేజీలు కూడా ఉండదు, దయచేసి లిస్టులో రాయండి. పళ్ల డాక్టర్‌ని కూడా.

లేత్‌పని:
రాత్రిడ్యూటీ గారూ నూటికి నూరు పాళ్లు. కొలిచే వెర్నియర్ స్కేలు మీది సన్న గీతలు కళ్లద్దాలు లేకుండా నాకు ఇప్పటికే కనపడవు.

జీవకణం:
వంద మంది జన్యువుల పరంగా సరిపోతారా అన్నది ఎవరూ ఎత్తలేదు. 1980లో ఫ్రాంక్లిన్ అనే జన్యు శాస్త్రవేత్త ఇచ్చిన పాత లెక్క ప్రకారం దగ్గరి చుట్టరికాల దెబ్బ కొంతకాలం తప్పించుకోవడానికి 50 మంది, తరతరాలుగా నిలవడానికి 500 మంది, అదీ పిల్లల్ని కనేవాళ్లే. అట్లాంటిక్ మధ్యలోని ట్రిస్టన్ డా కున్యా దీవిలో ఉన్న కొద్దిమందీ కొన్ని కుటుంబాల సంతతి. మొదట వచ్చినవాళ్లలో కొందరికి ఉన్న ఆస్తమా ఇప్పుడు ఆ ఊళ్లో చాలామందికి ఉంది. మనం కూడా వందమందితో మొదలుపెట్టి ఆగిపోతే అలాంటిదే ఏదో ఒకటి వస్తుంది.

దీనికి తేలికైన మార్గం గడ్డకట్టించిన వీర్యం, పిండాలు. 1992లో ఫ్రీజ్ చేసిన పిండాల నుంచి 2022లో కవలలు పుట్టారు. వేలమంది జన్యువైవిధ్యం ఒక చిన్న నైట్రోజన్ ట్యాంకులో పడుతుంది. అప్పుడు వందమందిలో డెబ్భై మంది ఆడవాళ్లని తీసుకెళ్తే జనాభా త్వరగా పెరుగుతుంది.

నిప్పురవ్వ:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నా, ఇక్కడ ఆగలేకపోతున్నా. జీవకణం గారూ, ఆ డెబ్భై మందినీ అడిగారా? వాళ్లు వెల్డర్లుగా, డాక్టర్లుగా వెళ్తున్నారా లేక ట్యాంకులో ఉన్నవాళ్లని కనడానికి వెళ్తున్నారా? 38 శాతం గురుత్వాకర్షణలో ఇంతవరకూ ఏ మనిషీ గర్భం దాల్చలేదు, కనలేదు. బిడ్డ ఎముక ఎలా గట్టిపడుతుందో, తల్లికి ఏమవుతుందో ఎవరూ చూడలేదు. స్పేస్ స్టేషన్‌లో పెద్దవాళ్ల తుంటి ఎముకలే నెలకి ఒక శాతం పైగా సాంద్రత పోగొట్టుకుంటున్నాయి. ఆ ప్రయోగం డెబ్భై మంది ఒంటి మీద ఒకేసారి చేస్తారా?

ఆడవాళ్లని సామాను కింద లెక్కేసిన వలస ఒకటుంది, పసిఫిక్‌లోని పిట్‌కెయిర్న్ దీవి. 1790లో బ్రిటిష్ ఓడ బౌంటీలో కెప్టెన్ మీద తిరగబడ్డవాళ్లు తొమ్మిది మంది, ఆరుగురు పాలినీషియన్ మగవాళ్లు, పన్నెండు మంది ఆడవాళ్లు దిగారు. ఆ ఆడవాళ్లలో చాలామంది ఇష్టపడి వచ్చినవాళ్లు కాదు. నేల తెల్లవాళ్లు పంచుకున్నారు, ఆడవాళ్లనీ పంచుకున్నారు. 1808లో ఒక అమెరికా ఓడ ఆ దీవి చేరేసరికి ఆ మగవాళ్లలో మిగిలింది ఒక్కడు. చాలామంది ఒకరినొకరు చంపుకున్నారు. విత్తనాలు లేకపోవడం వల్లో నీళ్లు లేకపోవడం వల్లో కాదు, ఆ నేల బంగారం లాంటిది.

నా షరతు ఒకటే. పిల్లల్ని కనాలా వద్దా, ఎప్పుడు, ఎవరి పిండం అన్నది కనే మనిషి నిర్ణయం. ఆ నిర్ణయాన్ని ఎవరూ ఓటింగుకి పెట్టకూడదని ఎక్కేముందే అందరూ సంతకం పెట్టాలి. సంతకం పెట్టననేవాడికి ఎంత పనొచ్చినా ఓడలో చోటివ్వను.

జీవకణం:
షరతు ఒప్పుకుంటున్నా. ట్యాంకు మాత్రం వెళ్లాలి. ఇరవై ఏళ్ల తర్వాత అక్కడివాళ్లు వాడుకుంటారో లేదో వాళ్లిష్టం, లేకపోతే మాత్రం వాళ్లకి ఆ దారే ఉండదు. ఆడా మగా సగం సగం.

చదువరి:
వయసు సంగతి కూడా మార్చాలి కక్ష్య గారూ. అందరూ ముప్పై ఏళ్లవాళ్లే వెళ్తే అందరూ ఒకేసారి యాభై దాటతారు, అక్కడ పుట్టిన పిల్లల్లో పెద్దవాళ్లకి అప్పటికి ఇరవై నిండవు. బరువు పనికి మనుషులుండరు. ఇరవై రెండు నుంచి అరవై దాకా కలిపి పంపాలి. రేడియేషన్ వల్ల వచ్చే క్యాన్సర్‌కి ఏళ్లు పడుతుంది కాబట్టి ఆ విషయంలో పెద్దవాళ్లకే ముప్పు తక్కువ.

"ఏ జబ్బూ లేనివాళ్లు" అన్నదాని మీద కూడా ఆలోచించండి. నాసా వాళ్లు 1950ల చివర్లో గాలోడెట్ కాలేజీకి చెందిన పదకొండు మంది బధిరుల మీద ఏళ్ల తరబడి పరీక్షలు చేశారు, ఎందుకంటే లోపలి చెవి దెబ్బతిన్నందువల్ల వాళ్లకి ఎంత తిప్పినా వాంతులు రావు. అలల మీద ఓడ ఊగిపోతుంటే పరీక్ష చెయ్యాల్సిన వైద్యులు పడకెక్కారు, వీళ్లు మాత్రం పేకాడుకున్నారు. ఎవరి లోపం ఎక్కడ పనికొస్తుందో ముందే గీత గీయలేం. పైగా ఇరవై ఏళ్లలో ఎవరో ఒకరికి చెయ్యో చూపో పోతుంది. ఆ మనిషితో కలిసి పని చెయ్యడం మొదటి రోజు నుంచే అలవాటున్న ఊరు కావాలి.

వెన్నెలదారి:
మనస్తత్వం గురించి నేను రాస్తా. బయోస్ఫియర్ 2లో ఎనిమిది మంది నాలుగూ నాలుగుగా విడిపోయి నెలల తరబడి ఒకరి మొహం ఒకరు చూడకుండా తిరిగారు, అయినా ఎవరి పని వాళ్లు మానలేదు, రెండేళ్లూ పూర్తిచేశారు. మాస్కోలో 2010-11లో మార్స్-500 పేరుతో ఆరుగురిని 520 రోజులు మూసేసి ఉంచితే గొడవల కంటే నిద్రే పెద్ద సమస్య అయింది. కొందరి నిద్రా మెలకువా అందరితో కలవకుండా పక్కకి జరిగిపోయాయి. అందుకే లైట్లు సూర్యుడిలా ఉదయం ఒక రంగు, సాయంత్రం ఒక రంగు వెయ్యాలి, ఇది విలాసం కాదు.

నెమ్మదస్తుల్నే ఏరి పంపాలని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. అంటార్కిటికా యాత్రకి వెళ్లిన షాకిల్టన్ ఓడ ఎండ్యూరెన్స్ మంచులో నలిగి మునిగినప్పుడు వడ్రంగి మెక్‌నిష్ అందరికంటే దురుసు మనిషి, మంచు మీద నాయకుడికే ఎదురుతిరిగాడు. కానీ చిన్న పడవ అంచులు ఎత్తుచేసి, పైన గుడ్డతో మూత కట్టింది ఆయనే. ఆ పడవ మీదే 1916లో ఆరుగురు దాదాపు 1300 కిలోమీటర్ల సముద్రం దాటి సాయం తెచ్చారు. మొత్తం 28 మందీ బతికారు. ధ్రువయాత్రికులకిచ్చే పోలార్ మెడల్ మాత్రం మెక్‌నిష్‌కి ఇవ్వలేదు, అది అన్యాయమనే నేననుకుంటా. అదే మంచు మీద మనిషికి దాదాపు ఒక కేజీ సామాను మాత్రమే అన్న షాకిల్టన్, తోటి యాత్రికుడు హస్సీ వాయించే బాంజో అనే తీగవాయిద్యాన్ని మాత్రం దాని బరువు ఐదు కేజీలైనా పట్టుబట్టి తీసుకెళ్లమన్నాడు.

అందుకే అందరికీ తలా రెండు కేజీలు, ఏం తెచ్చుకుంటారో ఎవరూ అడగకూడదు. మొత్తం రెండు వందల కేజీలు.

కక్ష్య:
అందరివీ కలిపి మళ్లీ రాశా, ఇంకా కూర్పు అయిపోలేదు. ఇంజనీర్లు 15, చేతిపనివాళ్లు 25, వైద్యం 12 (డాక్టర్లు 5, నర్సులు 5, పళ్లకి 1, మందుల తయారీకి 1), పంటలు నాచు సూక్ష్మజీవులు 20, కెమిస్ట్రీ జియాలజీ 10. మిగిలిన పద్దెనిమిదిలో టీచర్లు, వంటవాళ్లు, లెక్కలు పంపకాలు చూసేవాళ్లు, తగాదాలు తీర్చేవాళ్లు. ప్రతి పనీ కనీసం ఇద్దరికి రావాలి. వయసు 22 నుంచి 60. నిప్పురవ్వ గారి సంతకం షరతు మొదటి పేజీలో.

సామానులో సగం ఆక్సిజన్, నీళ్ల ప్లాంటు విడిభాగాలకీ, ముడి లోహానికీ, మెషిన్ షాపుకీ పోయింది. అన్నీ వేశాక మూడు టన్నులు మిగిలాయి. దేనికిద్దాం?

లేత్‌పని:
చిప్‌లకి. వాటిని మనం ఎన్ని లేత్‌లున్నా అక్కడ తయారుచెయ్యలేం. ప్రతి కంట్రోల్ బోర్డూ ఒకే రకం చిప్‌తో నడిచేలా చేసి, ఆ చిప్‌లు వేలకొద్దీ సీలు వేసి పెట్టాలి. వంద కేజీలు చాలు.

మట్టివాసన:
నాకు మట్టికి ఇంకో అర టన్ను ఇవ్వండి, కేజీల్లో మొదలుపెడితే మొదటి పంటకి చాలా ఏళ్లు పడుతుంది. కాంక్రీటుకి ముందే పూత వేయించండి, బయోస్ఫియర్ బాధ ఉండదు.

రాత్రిడ్యూటీ:
పిల్లల సామాను ఎవరైనా వేశారా? చిన్న సైజు ఆక్సిజన్ మాస్కులు, పెరిగేకొద్దీ మార్చుకోవాల్సిన ప్రెషర్ సూట్లు. రెండేళ్ల పిల్లకి సరిపోయే సూటు ఇంతవరకూ ఎక్కడా తయారవలేదు. మిగిలింది ఏదైనా సరే దానికే ఇవ్వండి, కుట్టడం వచ్చినవాళ్లని కూడా ఇద్దరిని కలపండి.

కక్ష్య:
కుట్టేవాళ్లిద్దరినీ ఆ పద్దెనిమిదిలో రాశా. సూట్ల గుడ్డకి ఎంత బరువవుతుందో ఎవరైనా లెక్క కట్టగలరా?